మన యాసకు ఈల వేశాను

‘పుష్ప’ (2021) రెండుసార్లు చూశాను. రెండో భాగమూ (2024) వదల్లేదు. ఈల వేశావా అంటారా? వేశాను! ఇన్నాళ్ళూ తెర మీద మన చిత్తూరు యాస ఎక్కువగా నవ్వించడానికే పనికొచ్చింది. ఇప్పుడు హీరోనే ఆ యాసలో మాట్లాడాడు. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు సినిమా నటుడికి అదే మొదటిసారి. ‘మన చెనక్కాయ చేని కాడ మాట్లాడినట్టే ఉండాదే’ అన్నాడు మా నాయన. మెచ్చుకోలో, వెక్కిరింతో తెలీలేదు.

అయితే ఒక మాట. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. సినిమాలో కూలీ సిండికేటుకే నాయకుడవుతాడు. సుకుమార్ గారూ, కొండ దిగిరాని కూలీ కథ కూడా ఒకటి తీయండి. మొదటి ఆటకు నేనొస్తాను, మా నాయన్నీ తీసుకొస్తాను.