ట్యాంకు ఖాళీ చేసే బండి ఎక్కడికి పోతోంది?

మా కోటగిరిలో ఇల్లు కడుతున్నారంటే సెప్టిక్ ట్యాంకు గుంత ఉండాల్సిందే. దాని పక్కన ఇంకుడు గుంత మాత్రం చాలామంది తవ్వరు. ట్యాంకు పైపు నేరుగా మోరీలోకి వదిలేస్తారు. పెద్ద వాన పడితే ఆ నల్లనీళ్లే పొంగి బోరింగు గద్దె చుట్టూ నిలుస్తాయి. ట్యాంకు నిండితే బండిని పిలుస్తాం, గొట్టం వేసి గుంజుకుపోతారు. ఎక్కడ పారబోస్తారో అడగం.

వరంగల్ నగరం 2016లోనే ఈ బండ్లకు నిబంధనలు పెట్టింది, తర్వాత శుద్ధి కేంద్రం కట్టింది. నిజామాబాద్ లాంటి నగరానికి భూగర్భ డ్రైనేజీ తప్పదు. కానీ గల్లీలో పైపు వేసి ఇంటింటికీ కనెక్షన్ ఇవ్వకపోతే పెట్టిన డబ్బంతా మట్టిపాలే. మనలాంటి పంచాయతీలకు అంత పెద్ద లైను ఇప్పట్లో కష్టం. బోధన్, బాన్సువాడ వైపు మండలాలన్నిటికీ కలిపి ఒక శుద్ధి కేంద్రం పెడితే చాలా మేలు.

ఇంకో ముఖ్యమైన మాట. ట్యాంకులో విషవాయువు ఉంటుంది, క్షణాల్లో మనిషి పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పోయిన మనిషి తిరిగి రాడు కదా. దయచేసి మీ ఇంట్లో ట్యాంకులోకి ఎవరినీ దింపకండి.