కౌండిన్య అంచున

ఆస్ట్రేలియాలో ఉండే మా మేనల్లుడు సముద్రం పక్కన గ్రేట్ ఓషన్ రోడ్డు మీద కారాపి తీసిన ఫోటో ఒకటి పంపాడు. నీలగిరి కొమ్మను కౌగిలించుకుని కోఆలా నిద్రపోతోంది. "మామా, ఇక్కడ దారి పొడుగునా జంతువులే, కంగారూ బొమ్మతో పసుప్పచ్చ బోర్డులు కూడా పెట్టినారు" అని కింద రాశాడు. నాకు కాస్త పౌరుషం వచ్చింది. మదనపల్లెలో బయల్దేరి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా గుడుపల్లె దాకా పోతే మనకూ ఏనుగు బొమ్మ బోర్డులున్నాయి. సముద్రమే లేదు.

పుంగనూరులో ఆగింది పొట్టి ఆవు కోసం. మనిషి నడుము దాటని ఆవు, 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు. ఊరి పేరు పెట్టుకున్న ఆవు ఊళ్ళో కనిపించడం కష్టమైపోయింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో జాతిని కాపాడుతున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత తినిపించిన ఫోటోలు వచ్చాక దీనికి గిరాకీ మరీ పెరిగింది. హైదరాబాదు విల్లాల్లో పాలరాతి గచ్చు మీద నడిపిస్తున్నారు. మెట్ట పొలాల్లో ఎండు గడ్డి తిని బతకడానికి పుట్టిన జీవానికి ఆ గచ్చు మీద కాలు జారదా అని నా బెంగ.

పలమనేరులో బండి రిపేరుకు ఒక పగలంతా పోయింది. హైవే మీద జగమర్ల క్రాస్ దగ్గర మాత్రం నాకై నేనే ఆగాను. 2023 జూన్‌లో ఒక రాత్రి ఇక్కడ కూరగాయల బండి గుద్ది మూడు ఏనుగులు చచ్చిపోయాయి. రోడ్డు నున్నగా, వెడల్పుగా ఉంది. లారీలు ఆగవు. బోర్డును చూసి వేగం తగ్గించిన డ్రైవరు నాకు ఒక్కడూ కనిపించలేదు.

కైగల్ దుముకురాళ్ళ జలపాతం దగ్గర నీళ్ళు సన్నగా పడుతున్నాయి. పక్కనే పలావు పొట్లాల ప్లాస్టిక్. ఆగకుండా పోయాను.

గుడుపల్లె చేరేసరికి పొద్దు వాలింది. చెన్నై–బెంగళూరు రైలు లైను మీద చిన్న స్టేషను, దాని చుట్టూ ఊరు. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. టీ అంగట్లో ఒకాయన తమిళంలో టీ అడిగి, కన్నడంలో ఫోన్ మాట్లాడి, తెలుగులో చిల్లర కోసం పోట్లాడాడు. చుట్టూరా ఎక్కడ చూసినా నీలగిరి తోపులే. ఆస్ట్రేలియా నుంచి ఆ చెట్టు వచ్చింది గానీ కోఆలా రాలేదు. మన అడవిలో దాని ఆకుతో కడుపు నింపుకునే జంతువు లేదు. బోర్లు ఎండిపోతున్నాయని జనం దాన్నే తిడతారు. పక్కనున్న కర్ణాటక 2017లో కొత్తగా నాటడాన్నే ఆపేసింది.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక రైతు ఇంట దిగాను. అరవై దాటిన మనిషి. అడవి అంచున రాగి చేను, పక్కన అనప. మార్గశిరం చలి. ఆ రాత్రి తిన్నది ఇంకా నాలిక మీదే ఉంది, అందుకే ఈ నాలుగు ముక్కలు. పితికిపప్పు కూర. మంచు పడితేనే అనపకాయకు వాసన పడుతుందని ఈ పక్క నమ్మకం. వాళ్ళింట్లో ముందురోజే కాయలు ఒలిచి గింజలు నానేశారు. పొద్దున్నించీ ఇంటిల్లిపాదీ కూచుని ఒక్కో గింజనూ బొటనవేలితో నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు చటుక్కున గిన్నెలోకి దూకుతుంది. నేనూ చెయ్యి పెట్టాను. నా పప్పులు గిన్నెలో తక్కువ, గోడ మీద ఎక్కువ పడ్డాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. ఉర్లగడ్డ వేసి, టెంకాయ, గసాలు నూరిన మసాలాతో ఉడికించారు. పక్కన కట్టెల పొయ్యి మీద సంగటి. అన్నం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కుండను రెండు పాదాల మధ్య బిగించి, ఆయమ్మ తెడ్డుతో కెలికింది. తడిచేత్తో ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టింది. "నమలద్దు నాయనా, మింగేయాల" అన్నాడు పెద్దాయన. ఊరిబిండి కూడా ఉంది గానీ ఆ పూట దాని జోలికి పోబుద్ధి కాలేదు.

తిన్నాక మంచె ఎక్కాం. టార్చీ, టపాకాయల సంచి, దుప్పటి. ఏనుగులు ఎప్పటినుంచీ వస్తున్నాయని అడిగాను. చదివి తెలుసుకున్న సంగతి నా దగ్గరా ఉంది: రెండు వందల ఏళ్ళ పాటు ఈ నేలలో ఏనుగు జాడే లేదు. 1980ల మొదట్లో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి గుంపులు ఇటు కదిలాయి. ఆ పక్క కరువులు, అడవి ముక్కలు కావడం దానికి కారణమంటారు. 1990లో 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పెద్దాయన చెప్పింది వేరే.

"నాకప్పుడు ఇరవై ఏండ్లు. గుళ్ళో ఏనుగు తప్ప చూడ్లేదు. అడవిలోంచి సామే వచ్చినాడని ఊరంతా పోయి టెంకాయలు కొడితిమి, పసుపు కుంకుమ చల్లితిమి. ఆ యేడే మా చిన్నాయన వరి మడంతా తొక్కి పోయినాయి. మళ్ళా టెంకాయ కొట్టలేదు."

"సోలార్ కంచె ఉంది కదా?"

"ఉండాది. దంతానికి కరెంటు పట్టదని వాటికి తెలుసు. మగది దంతాలతో స్తంభం వంచేస్తాది, ఆడవి, పిల్లలు వెనక నుంచి దాటుకుంటాయి. కందకం తవ్వితే మట్టి కాలితో తోసి పూడుస్తాయి. ఇంజనీర్లయ్యా అవి."

నడిరాత్రి దాటాక చేను చివర కొమ్మ విరిగిన చప్పుడు. మళ్ళీ ఇంకోటి. నా చెయ్యి టపాకాయల సంచి మీదికి పోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపి, చీకట్లోకి గొంతెత్తి "పోంగ సామీ, పోంగ" అన్నాడు. తమిళమెందుకని గుసగుసగా అడిగితే, "అవి ఆ పక్కవి గదా, మన మాట తెలీదు" అన్నాడు. ఎగతాళో నిజమో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఎంతోసేపు ఏమీ వినిపించలేదు. దూరంగా గూడ్సు బండి పోయింది.

తెల్లారి చూస్తే చేను గట్టున అడుగులు. ఏనుగును చూడలేదన్న నా నిరాశ ఆయన కనిపెట్టినట్టున్నాడు. తువ్వాలు తీసి ముందుకాలి అడుగు అంచు చుట్టూ జాగ్రత్తగా పరిచి కొలిచాడు. తువ్వాలును ఆ కొలతకు పట్టుకుని, నా పక్కన నిలబెట్టి, పైన మళ్ళీ అంతే పెట్టాడు. అడుగు చుట్టుకొలతకు రెండింతలు భుజం ఎత్తు. నా తల దాటి ఇంకో మూర పైకి పోయింది తువ్వాలు. ఆ ఎత్తు నుంచి చూస్తే రాగి చేను ఎలా కనిపిస్తుందో ఊహించాను. కంచం లాగే కనిపించి ఉంటుంది. ఒక మూల చేను నలిగింది. ఆయన నలిగిన వరసలు లెక్కపెట్టి, "పోయినసారి కంటే నయం" అని బీడీ ముట్టించాడు.

ఆ మధ్యాహ్నం గుడివంకలో, పిల్లలకు సైన్సు నేర్పే అగస్త్య ఫౌండేషన్ వాళ్ళ క్యాంపస్ చూశాను. ఒకప్పుడు బోడిగుట్ట, ఇప్పుడు చెట్లూ సీతాకోకచిలుకలూ. బాగుంది గానీ నా మనసు చేను గట్టు మీదే ఉంది.

తిరుగుదారిలో రామకుప్పం మండలం ననియాల ఏనుగుల క్యాంపు. జయంత్, వినాయక్ అనే కుంకీలు అప్పుడు ఉన్నదిక్కడే. అడవి ఏనుగుల్ని పట్టడానికీ తరమడానికీ వీటినే తీసుకుపోతారు. ఇవి చాలక, 2025 మేలో కర్ణాటక ఇంకో నాలుగు కుంకీలను ఇచ్చింది. వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో వేరే క్యాంపు. నేను పోయిన వేళకు మావటి ముద్దలు కడుతున్నాడు, పుచ్చకాయంత ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే రాగిపిండి, అన్నం, బెల్లం. రాగి చేలోకొచ్చే ఏనుగును తరమబోయే ఏనుగుకు రాగి ముద్ద! నేనిది చెప్తే మావటి నవ్వలేదు. తొండం ఎత్తించి, ముద్దను నేరుగా నోట్లోకి తోసి, "ఇది దీని కూలి సార్, అది దొంగతిండి" అన్నాడు. చేను పెద్దాయన ఈ తేడాను ఒప్పుకునేవాడే. ఏనుగు ఒప్పుకుంటుందా అన్నది నా అనుమానం.