మా తాండా పికప్‌కి ఇంజిన్ మార్పు: ముందు కాగితం, తర్వాతే పానా

గుర్రంకొండ దగ్గర మా సుగాలి తాండాలో అయిదు ఇండ్లకు కలిపి ఒక పాత బొలెరో పికప్ ఉంది. టమాటా కోతలప్పుడు మదనపల్లె మార్కెట్‌కి పోవాలంటే అదే దిక్కు. ఇప్పుడు లోడేస్తే నీలం పొగ, మూడో గేరు నిలబడదు. బాడుగ బండి పెడితే, ధర పడిన రోజు పంట డబ్బంతా బాడుగకే సరి. అందుకే ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ మార్చాలనుకుంటున్నాం.

మేం రాసుకున్న లెక్క ఇది. ఇంజిన్ ఒక బండిది, గేర్‌బాక్స్ ఇంకో బండిది వద్దు. రెండూ ఒకే బండివైతే క్లచ్, బెల్ హౌసింగ్ సరిగ్గా కూర్చుంటాయి. అదీ మా మోడల్‌దే అయితే మౌంటింగులు వెల్డింగ్ చేసే పని, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసే పని తప్పుతాయి. కొనేముందు కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. నంబరు చెరిపిన ఇంజిన్ ఎంత చౌకైనా ముట్టకూడదు.

ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, మార్చిన 14 రోజుల్లోగా వాళ్లకు తెలిపి ఆర్‌సీలో రాయించుకోవాలి. లేకుంటే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. ఆ భారం అయిదు ఇండ్లు మోయలేవు.

మీలో ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివినోళ్లు ఉంటే ఒక ఆదివారం రండి. బండి విప్పకముందే మీ మాట కావాలి.