ఎర్ర లైటు, పసుపు లైటు

2024 జనవరి 13, శనివారం. కిచెనర్, ఒంటారియో

మధ్యాహ్నం అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు, దసరా ముందు ఒక పాత కరోలా కొన్నాడు, 2006ది. "మామయ్యా, మలుపు తిరిగినప్పుడల్లా ఎర్ర లైటు వెలిగి ఆరిపోతోంది. గుండ్రంలో ఆశ్చర్యార్థకం గుర్తు. రూమ్‌లో వాళ్ళు సెన్సార్ పోయుంటుంది, వైరు పీకెయ్ అంటున్నారు."

వైరు ముట్టుకోవద్దన్నాను. పసుపు లైటు కూడా ఉందా అని అడిగితే, ఏబీఎస్ లైటు బండి కొన్న రోజు నుంచీ వెలుగుతూనే ఉందట. పాత బండికి అది మామూలేనని అమ్మినవాడు చెప్పాడట. ఇలాంటి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెలియని ఊళ్ళో, చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి మొదటి బండి కొనుక్కునే పిల్లాడితో అనాల్సిన మాటేనా అది?

రెండు లైట్ల సంగతి వేరువేరు. పసుపుది ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, మంచు మీద చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు మాత్రం ఉండదు. ఎర్రది వెలిగితే అసలు బ్రేకునే అనుమానించాలి. రెండూ కలిసి ఆరకుండా వెలిగితే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేకు బలం పంచే ఏర్పాటు కూడా పోయి ఉండొచ్చు. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి తిరిగిపోతుంది. అప్పుడు పక్కకు తీసి ఆపేయడమే.

ఫోన్‌లోనే ఒక పరీక్ష చేయించాను. కెనడాలో 1989 డిసెంబర్ 1 తర్వాత తయారైన ప్రతి కొత్త బండికీ పగలు కూడా వెలిగే ముందు లైట్లు ఉండాలని చట్టం. ఈ కరోలాలో హ్యాండ్ బ్రేకు దించాకే ఆ లైట్లు వస్తాయి. గేరు పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి ఇంజిన్ స్టార్ట్ చెయ్యమన్నాను. తర్వాత దాన్ని దించి, ముందు లైట్లు వెలిగాయేమో దిగి చూడమన్నాను. వెలిగాయి. అంటే హ్యాండ్ బ్రేకు దగ్గరి స్విచ్ సరిగానే వదులుతోంది. మిగిలింది బ్రేక్ ఆయిల్. డబ్బాలో ఆయిల్ తగ్గితే మలుపులో అది ఒక పక్కకు ఒరుగుతుంది, లోపలి బెండు కిందికి దిగి స్విచ్ కలుస్తుంది, తిన్నగా వెళ్ళేసరికి మళ్ళీ తేలుతుంది. వాడు చెప్పిన తీరు అచ్చం ఇదే.

రేపు నేను వచ్చేదాకా బండి కదపొద్దు, షిఫ్టుకు బస్సులో వెళ్ళు అన్నాను. తెల్లవారుజామున బస్సు దొరకదని గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

జనవరి 14, ఆదివారం. భోగి

పొద్దున పిల్లల మీద రేగిపళ్ళకు బదులు క్రాన్‌బెర్రీలు పోసి, దీవించి, టార్చిలైటు పట్టుకుని బయల్దేరాను.

బండి వాళ్ళ అపార్ట్‌మెంట్ కింది పార్కింగ్‌లో ఉంది. ముందు తాళం ఆన్‌లో పెట్టి చూశాను. లైట్లన్నీ ఒకసారి వెలిగాయి, అంటే ఎవరూ బల్బు తీసేయలేదు. బానెట్ ఎత్తి డబ్బా తుడిచి చూస్తే ఆయిల్ సరిగ్గా కింది గీత దగ్గరుంది. పిల్లాడు అప్పటికే ఒక సీసా కొని తెచ్చి పెట్టుకున్నాడు. మూత తీయనివ్వలేదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆయిల్ పోస్తారు, లైటు ఆరిపోతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఈ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఉన్నచోటే ఉండాలి. తగ్గిందంటే కారణాలు రెండే. ప్యాడ్లు అరిగితే పిస్టన్లు బయటికి జరుగుతాయి, వాటి వెనక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అది సహజం, ప్యాడ్లు మారిస్తే ఆయిలూ పైకొస్తుంది. ప్యాడ్లు బాగానే ఉండి ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఈ రెండింటిలో ఏదో తేలకముందే ఆయిల్ పోస్తే ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చెరిపేసినట్టే.

చక్రం విప్పి చూశాం. ముందు ప్యాడ్లు ఇంకా 7 మిల్లీమీటర్ల దాకా ఉన్నాయి. ఇంజిన్ వేసి పెడల్ మీద కాలు గట్టిగా నొక్కి ఉంచమన్నాను. "మామయ్యా, మెల్లగా కిందికి పోతోంది" అన్నాడు. వాడి గొంతు మారింది, నాకూ కడుపులో దడ పుట్టింది. ఈ బండితోనే వాడు నిన్నటిదాకా 401 హైవే మీద వెళ్ళొచ్చాడు.

బండిని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి కిందికి దూరాను. వెనక చక్రాలకు వెళ్ళే ఉక్కు గొట్టాన్ని ఒక ప్లాస్టిక్ క్లిప్ పట్టుకుని ఉంటుంది. దాని కింద తడి. కరిగిన మంచు నీరైతే వేలికి అంటి ఆరిపోతుంది. ఇది జిడ్డుగా జారింది. గొట్టం పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉంది.

ఉప్పు చేసిన పని ఇది. ఇక్కడికి పడమట, హ్యూరన్ సరస్సు ఒడ్డున గోడరిచ్ అనే ఊరుంది. 1866లో అక్కడ చమురు కోసం తవ్వితే ఉప్పు దొరికింది. ఇప్పుడు సరస్సు అడుగున దాదాపు 550 మీటర్ల లోతున ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని నడుస్తోంది. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. అది లేకపోతే మనుషులే పోతారు, కాదనను. కానీ ఆ ఉప్పు బురద క్లిప్పుల కింద చేరి వేసవిలోనూ పోదు. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న రోజుల్లో తుప్పుకు బ్రేకు గొట్టం చిల్లిపడటం నేను చూడలేదు. ఇక్కడికొచ్చాక పదేళ్ళు దాటిన బండి కనబడితే ముందు కిందికే వంగుతాను.

గొట్టం పూర్తిగా పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోదు. మాస్టర్ సిలిండర్‌లో రెండు గదులుంటాయి. ఈ బండిలో ఒక గది ఒక ముందు చక్రానికీ దానికి ఎదురు మూల వెనక చక్రానికీ ఒత్తిడి పంపుతుంది, రెండోది మిగతా జంటకు. సగం బ్రేకు మిగులుతుంది. పెడల్ మాత్రం చాలా లోతుకు పోతుంది, ఆగే దూరం పెరుగుతుంది. మంచు రోడ్డు మీద ఆ సగం ఎందుకు చాలదో వాడికి విడమర్చి చెప్పాను.

జనవరి 16, మంగళవారం

టో ట్రక్కు మీద బండి మా షాపుకు వచ్చింది. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పాను, లోపల పొడిగానే ఉంది. పాడైన ముక్క వరకే కోసి మధ్యలో అతుకు వేస్తే చవకగా అవుతుంది కదా అని పిల్లాడు అడిగాడు. మిగతా గొట్టం కూడా ఆ వయసుదే, ఆ ఉప్పు తిన్నదే. పూర్తిగా మార్చాను. రాగి, నికెల్ కలిపిన గొట్టం వేశాను. చేత్తో వంగుతుంది, ఉప్పుకు తుప్పు పట్టదు. కొసలు రెండు మడతలుగా ఒత్తి బిగించాను. ఎయిర్ తీసేటప్పుడు పాత ఆయిల్ టీ డికాషన్ రంగులో వచ్చింది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తలో కనీసం 205 డిగ్రీల మరుగు స్థానం ఉండాలి, తేమ పట్టాక 140 ఉన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది. బ్రేకు వేడెక్కి ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది, పెడల్ మెత్తబడిపోతుంది.

బండిని తన పేరుకు మార్చుకునేటప్పుడు తీసుకున్న సేఫ్టీ సర్టిఫికెట్ చూపించి, ఇది ఉంది కదా మామయ్యా అన్నాడు. ఒంటారియోలో ఆ కాగితం చెల్లేది 36 రోజులు. ఆ తర్వాత సొంత కార్లకు ఏటేటా తనిఖీ లేదు. బండి ఎలా ఉందో కాగితం చెప్పేది ఆ ఒక్క రోజు సంగతి. రోజూ చెప్పేవి డాష్‌బోర్డు లైట్లే.

జనవరి 20, శనివారం

ఎర్ర లైటు మళ్ళీ రాలేదు. పెడల్ గట్టిగా, పైనే నిలుస్తోంది. ఈ రోజు పసుపు లైటు పని పట్టాను.

ఈ కాలపు కరోలాకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. స్టీరింగ్ కింద పదహారు కాళ్ళ సాకెట్ ఉంటుంది. తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడే 4, 13 కాళ్ళను చిన్న వైరుతో కలిపి, ఆ తర్వాత తాళం ఆన్ చేస్తే ఏబీఎస్ లైటు మినుకుతూ అంకె చెబుతుంది. వేరే కాళ్ళు కలిపితే కంప్యూటర్ పాడవొచ్చు, అందుకే వాడిచేత రెండుసార్లు లెక్కపెట్టించాకే కలపనిచ్చాను. మూడుసార్లు వెలిగింది, ఆగింది, రెండుసార్లు వెలిగింది. 32. ఎడమ ముందు చక్రం వేగం చూసే సెన్సార్.

అంకె వచ్చింది కదా అని వెంటనే సెన్సార్ కొనకూడదు. సెన్సార్ పోవచ్చు, వైరు తెగొచ్చు, యాక్సిల్ మీద పళ్ళ చక్రం తుప్పుకు పగలొచ్చు, అన్నిటికీ అంకె ఒకటే. పళ్ళు తుడిచి చూస్తే బాగున్నాయి. మీటర్ పెట్టి వైరు కదిలించాను. స్టీరింగ్ తిప్పినప్పుడు వంగే చోట రీడింగ్ వచ్చి పోతోంది. పైన రబ్బరు తొడుగు బాగానే ఉంది, లోపల తీగ తెగింది. ఈ సెన్సార్, వైరు కలిపే వస్తాయి. కొత్తది సోమవారానికి వస్తుంది.

బిల్లు చూసి వాడి ముఖం చిన్నబోయింది. నా కూలి కలపలేదు, సామాను ఖర్చే. ఆ డబ్బు నెలనెలా కొంచెం ఇవ్వమన్నాను. పాత గొట్టం ముక్క వాడి చేతిలో పెడితే వేళ్ళతోనే విరిచేశాడు, చాలాసేపు మాట్లాడలేదు.

వచ్చే శనివారం వాడి రూమ్‌లో ఉండే ఇంకో కుర్రాడు ఒక పాత బండి చూడటానికి గ్వెల్ఫ్ వెళ్తున్నాడట. ఇంజిన్ వేయకముందు తాళం ఆన్‌లో పెట్టి, లైట్లు వెలిగేదీ ఆరేదీ వీడియో తీసి నాకు పంపమన్నాను. అడ్వాన్సు ఆ తర్వాతే.