కంట్లో చుక్క, గుండెకి బ్రేక్

పంజాగుట్టలో నా రూమ్‌కి వచ్చిన నాన్న చేతికి సరదాగా నా స్మార్ట్‌వాచ్ పెట్టా. పల్స్ 38! మామూలుగా 60 నుంచి 100 ఉండాలి. వాచ్ పాడైందనుకున్నా. ‘మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయిరా’ అని అప్పుడు చెప్పారు. ఈసీజీ తీయించాం. పేస్‌మేకర్ మాట వచ్చింది. ఆ రాత్రంతా ఈఎంఐ లెక్కలే.

మర్నాడు ఇంకో డాక్టరమ్మకి చూపించాం. ‘ఏమేం మందులు వాడుతున్నారు?’ అనడిగారు. బీపీకి మెటోప్రొలాల్ అన్నాం.

‘ఇంకేం లేవా? కంట్లో చుక్కలు కూడా?’

ఉన్నాయి. గ్లకోమాకి రోజూ రెండు పూటలా టిమొలాల్. చుక్కలు కూడా మందేనా అని నాన్న లెక్క. నిజం చెప్పాలంటే నాదీ అదే లెక్క.

రెండూ బీటా బ్లాకర్లేనట. గుండెని నెమ్మదింపజేయడమే వాటి పని. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి, అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుందట! థైరాయిడ్ తగ్గినా, పొటాషియం పెరిగినా పల్స్ పడిపోతుందని ఆ టెస్టులూ రాశారు. అవి నార్మల్.

‘మీ అంతట మీరు ఆపితే ప్రమాదం’ అంటూ నాన్నని అడ్మిట్ చేసి, మానిటర్ పెట్టి, కంటి డాక్టర్‌తో మాట్లాడి రెండు మందులూ మార్చారు. ‘పల్స్ పెరక్కపోతే పేస్‌మేకర్ తప్పదు’ అని ముందే చెప్పారు.

మూడో రోజు పొద్దున 64.

ఇప్పుడు నాన్న పర్సులో మందుల చీటీ ఉంటుంది. మొదటి లైన్లో కంటి చుక్కలు.