నెయ్యి లేని విస్తరి

గత సంవత్సరము పాఠశాల వార్షికోత్సవపు విందులో నా ప్రక్కన కూర్చుండిన యొక విద్యార్థి తండ్రిగారు నా విస్తరి వంక చాలసేపు చూచి, "మాస్టారూ, మీకేమైనా జబ్బా?" అని మెల్లగా నడిగిరి. నా విస్తరిలో కోడికూర లేదు, గ్రుడ్డు లేదు, పెరుగు లేదు, పాయసము లేదు. అన్నము, పప్పు, వంకాయకూర, చింతకాయ పచ్చడి మాత్రమే యుండెను. పప్పుపై నెయ్యియు లేదు. జబ్బేమియు లేదని చెప్పితిని గాని, ఆయన నమ్మినట్లు కనబడలేదు. మన పిల్లలు ఈ ప్రశ్ననే వేరొక విధముగా నడుగుచుందురు: "సార్, ఇంట్లో అయితే సరే, బయటికి వెళ్లినప్పుడు మీరేం తింటారు?" వారు తమలో తాము నాకొక మారుపేరును గూడ పెట్టుకొనిరి. అది నాకు తెలియదని వారి నమ్మకము. "నెయ్యొద్దు మాస్టారు" అను నా పేరు చెడ్డది కాదు గనుక నేనును తెలియనట్లే యున్నాను. ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, ఆ ప్రశ్నకు సమాధానమే వ్రాయుదమని తలచితిని.

ముందుగా కారణము చెప్పక తప్పదు. మా తండ్రిగారు నా యైదవయేటనే ప్రభువునందు నిద్రించిరి. మాకొక గేదె యుండెడిది. మా అమ్మ తెల్లవారుజామున దాని పాలు పిండి, ఒక కాఫీ హోటలునకును రెండు మూడిండ్లకును పోసి, ఆ డబ్బుతో నన్ను చదివించినది. నా ఫీజులు, పుస్తకములు, తుదకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నా భోజనపు ఖర్చు, అన్నియు ఆ పాలచెంబులోనుండి వచ్చినవే. నాకు తొమ్మిదేండ్ల ప్రాయమున ఒక ఈతలో పుట్టిన దున్నపోతు దూడ కొన్ని దినములకే చచ్చిపోయెను. దూడ లేనిదే గేదె చేపదు. అందుచేత పొరుగూరినుండి యొకరు వచ్చి, దూడ తోలు నొలిచి యెండబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టి యిచ్చిరి. దానిని ప్రతి యుదయము గేదె ముందర నిలబెట్టెడివారము. గేదె దానిని నాకి నాకి పాలు చేపెడిది. కొన్ని వారములకు వెండ్రుకలూడి, నాకినచోటెల్ల తోలు నునుపుదేరెను. పాకలోనుండి దానిని మోసికొని వచ్చు పని నాది. అప్పుడు నాకు జాలి కలిగెనని వ్రాసితినేని అబద్ధమగును. బరువు లేదని సంతోషించితిని, అంతే.

దాదాపు ముప్పది యేండ్ల తరువాత ఎనిమిదవ తరగతిలో క్షీరదములను గూర్చి చెప్పుచుండగా నొక బాలిక లేచి, "పాలు దూడ కోసమే వస్తాయి గదా సార్, మరి అమ్ముకునే వాళ్ల ఇళ్లలో దున్నపోతు దూడలు ఏమవుతాయి?" అని యడిగెను. ఏదో చెప్పి కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి గడ్డిదూడ జ్ఞాపకము వచ్చినది. నాటినుండి ఒక్కసారిగా గాక, సుమారు రెండేండ్ల కాలములో, మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, నెయ్యి, పెరుగు ఒకదాని వెనుక నొకటి మానితిని. అన్నిటికంటె కష్టమైనది పెరుగు. మజ్జిగ లేక భోజనము ముగించుట తెలుగువానికి "ఆమేన్" లేని ప్రార్థన వంటిది.

ఇట్లు భుజించువారిని వీగనులందురు. 1944వ సంవత్సరము నవంబరు మాసమున ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అను నాయన కొందరు మిత్రులతో గూడి సంఘమొకటి స్థాపించి, యీ మాటను వాడుకలోనికి తెచ్చెను. ఆయన మావంటి బడిపంతులే. పిల్లలకు వడ్రంగము నేర్పెడివాడు. మనకు శాకాహారి యను మాట గలదు గాని, అందులో పాలు, పెరుగు, నెయ్యి యిమిడి యున్నవి. పొట్లములపై ముద్రించు ఆకుపచ్చ చుక్క యర్థమును అంతవరకే. పాలు సైతము లేని ఆహారమునకు వేరు నియమములను, వేరు ముద్రను ప్రభుత్వమువారు 2022వ సంవత్సరమున ఏర్పరచిరి. అయితే పొట్లమునకు ముద్ర యుండును గాని పెసరట్టునకు ముద్ర యుండదు. సర్వరు నడుగవలసినదే. నా కష్టములన్నియు అక్కడ ఆరంభమగును.

నిజమునకు మన హోటళ్లలో నావంటివాడు పస్తుండవలసిన పని లేదు. ఇడ్లీ, మినపట్టు మినపపప్పుతోడను బియ్యముతోడను చేయబడునవి. పిండి రాత్రియంతయు నానియుండి తనంతట తానే పులియును, పెరుగుతో పని లేదు. పెసరట్టు, గారె, పూరీ, శనగపిండితో చేసిన బొంబాయి చట్నీ, అల్లపు పచ్చడి, అన్నియు నా పక్షమువే. ప్రమాదము కనబడనిచోట పొంచియుండును. మైసూరు బజ్జీ చూచుటకు మిరపకాయ బజ్జీకి తోబుట్టువువలె నుండును గాని, దాని మైదాపిండిని పుల్లపెరుగుతో కలుపుదురు. రవ్వట్టులో కొన్నిచోట్ల మజ్జిగ పోయుదురు. కొబ్బరి చట్నీలో కొందరు పెరుగు వేయుదురు. పొంగలి సంగతి చెప్పనక్కర లేదు. అది నేతిలో ఈదుచునే వచ్చును. మా గుంటూరు, బెజవాడ ప్రాంతపు మెస్సులలో కందిపొడి, గోంగూర వడ్డించి, వెంటనే నేతిగిన్నె పట్టుకొని వచ్చెదరు. చేయి యడ్డము పెట్టులోపలనే గరిటె వంగును. అది ఆ పిల్లల తప్పు కాదు. నెయ్యి వద్దనువాడొకడుండునని వారికెవ్వరు చెప్పియుందురు? హైదరాబాదునందు కూరగాయల బిర్యానీలో గూడ పెరుగు కలియును, ఇరానీ చాయ పాలు లేక పుట్టదు. అయినను నువ్వులు, వేరుసెనగలు, చింతపండు వేసి చేసిన బగారా బైగన్ అక్కడ నన్ను కాపాడును. రాయలసీమలో రాగిసంకటియు వేరుసెనగ పచ్చడియు దొరికిననాడు నాకు ఏ కొరతయు లేదు. నాకు నిజముగా దుఃఖము కలిగించునది ఆత్రేయపురపు పూతరేకు ఒక్కటే. బియ్యపు పిండినీటినుండి తీసిన ఆ పలుచని రేకును చూచి, లోపలి నేతిని తలచుకొని, ముఖము త్రిప్పుకొనుచుందును.

ఇందులో నొక వింత గలదు. "శుద్ధ శాకాహారము" అని పెద్ద యక్షరములతో వ్రాసికొన్న హోటళ్లకంటె, రహదారి ప్రక్కన మాంసము వండు చిన్న హోటళ్లలోనే నాకు భోజనము సులభముగా దొరకును. అక్కడ పప్పును నూనెతోనే తిరగబోయుదురు. నెయ్యి ప్రియము గనుక ఎవ్వరును వేయరు. బీదతనమువలన వారి పప్పు నాకు పనికివచ్చినది. అయితే అందరును మాంసము తినుచున్నచోట పప్పన్నము మాత్రము అడిగినప్పుడు జనులు నా వైపు చూచు చూపు వేరుగా నుండును. మా మేనమామ గారు ఒక పెండ్లిలో, "ఏరా, పెద్దకులపోళ్ల తిండి మరిగావా?" అని పదిమందిలో నడిగిరి. ఆ మాటలో ద్వేషము లేదు, పాతగాయము కలదు. మా తాతగారికి కాఫీ హోటలులోపల ప్రవేశము లేకుండెను. ఆయన వెలుపల నిలువబడి, వేరుగా నుంచిన గ్లాసులో త్రాగి, దానిని తానే కడిగి బోర్లించి రావలసియుండెను. తిండిని బట్టి మనుష్యుని శుద్ధుడనియు అశుద్ధుడనియు వేరుచేసిన దేశమున, ఆ మాటకు మా మేనమామను నేను తప్పుపట్టలేను. మాంసము తినువాడు నాకంటె తక్కువవాడని నేనొక్క దినమైనను తలంచలేదని మాత్రము ఆయనతో చెప్పితిని. రోమీయులకు వ్రాసిన పత్రిక పదునాలుగవ అధ్యాయము చదువుకొమ్మని ఆయన నాకే చెప్పిరి. అందులో తినువానికిని తినని వానికిని ఇద్దరికిని బుద్ధి చెప్పబడియున్నది.

క్రైస్తవులకు ఇది క్రొత్త సంగతియు కాదు. కేరళ దేశపు సిరియను క్రైస్తవులలో ఈస్టరునకు ముందు ఏబది దినములు మాంసము, గ్రుడ్లు, పాలు విడుచువారు నేటికిని గలరు. ఇథియోపియా దేశపు పురాతన సంఘమువారు లెంటు దినములయందేగాక, ఇంచుమించు సంవత్సరము పొడుగున ప్రతి బుధవారము, శుక్రవారము అట్లే చేయుదురు. ప్రభువు నప్పగింప నాలోచన చేసిన దినము బుధవారము, సిలువవేసిన దినము శుక్రవారము. ఆ దినములలో అక్కడి హోటళ్లలో ఉపవాస భోజనమడిగినచో, టెఫ్ అను సన్నని ధాన్యపు పిండిని పులియబెట్టి కాల్చిన ఇంజెరా యను పెద్ద అట్టుపై పప్పు, శనగపిండి పులుసువంటి షిరో, ఆకుకూరలు కుప్పలు కుప్పలుగా నమర్చి తెచ్చెదరట. అడుగువాని వంక ఎవ్వరును వింతగా చూడరు. మన మెస్సులో నేతిగిన్నె దిగినప్పుడెల్ల ఆ దేశము నాకు జ్ఞాపకము వచ్చుచుండును.

ఇక నా తప్పిదమొకటి చెప్పవలెను. దీనిని చూచినవారు నలుబదిమంది మన పాఠశాలలోనే యున్నారు. రెండేండ్ల క్రిందట ఉండవల్లి గుహలను, అమరావతి స్తూపమును చూపుటకు పిల్లలను తీసికొని వెళ్లుచు, దారిలో నొక పట్టణమున ఫలహారమునకు ఆగితిమి. నేను ఉప్మా తెమ్మని, నెయ్యి లేదు గదా యని సర్వరు నడిగితిని. పద్దెనిమిదేండ్ల కుర్రవాడు, లేదనెను. రెండవ ముద్దలోనే నేతివాసన తెలిసినది. ఆ కుర్రవానిని పిలిచి మెల్లగా చెప్పినచో సరిపోయెడిది. నేను లేచి గల్లాపెట్టె యొద్దకు పోయి, పిల్లలందరు వినునట్లు, మాట తప్పుటను గూర్చి యజమానితో నొక యుపన్యాసమిచ్చితిని. యజమాని ఆ కుర్రవానిని నా యెదుటనే తిట్టి, ఉప్మా ఖరీదును, ఆనాటి కూలిని తగ్గించెదనని చెప్పెను. "నూనె అనుకున్నా సార్, కొత్తగా చేరాను" అని మాత్రమే వాడు పలికెను. నేను గెలిచిన వానివలె వచ్చి బస్సులో కూర్చుంటిని. బస్సు కదలిన కొంతసేపటికి తొమ్మిదవ తరగతి బాలుడొకడు నా వెనుక బల్లనుండి, "సార్, ఆ అన్న మన స్కూల్లోనే చదివాడు, మీరు గుర్తుపట్టలేదా?" అనెను.

గుర్తుపట్టలేదు. పదవ తరగతి తరువాత చదువు మానినవాడు. నా తరగతిలో మూడవ బల్ల.

మరుసటి శనివారము ఒంటరిగా ఆ హోటలునకు పోయితిని. కూలిడబ్బు ఈయబోగా వాడు పుచ్చుకొనలేదు. "హోంవర్కు చెయ్యనప్పుడు ఇంతకన్నా ఎక్కువే తిట్టేవారు సార్" అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు. వాడు లోనికి పోయి నాలుగు ఇడ్లీలు తెచ్చి, "వీటిలో ఏమీ లేదు సార్, నేనే చూశా" అని ముందుంచెను. వాటిని తినుట నాకు చాల కష్టమైనది.

నాటినుండి నా పద్ధతి మార్చుకొంటిని. జనము లేనివేళ పోయి, వంటవాని కిటికీయొద్ద నిలిచి, "నూనెతో చేసినవి ఏమున్నాయి, బాబూ?" అని యడుగుదును. నెయ్యి యున్నదా యని యడిగినచో, గిరాకీ పోవునను భయమున లేదందురు. నూనె సంగతి యడిగినచో సంతోషముగా పట్టీ చెప్పెదరు. పొరపాటున గరిటె వంగినచో, ఆ నేతియన్నమును మాటలాడక తినివేయుదును. ఇది నియమభంగమని నాతో వాదించిన మిత్రులు గలరు. పాలు విడిచిన గాంధీగారు జబ్బుపడి మేకపాలు త్రాగవలసివచ్చి, దానికై తుదివరకు నొచ్చుకొనిరి. ఆయన తనకై తాను నొచ్చుకొనిరి గాని, మరియొకని కూలి తగ్గింపలేదు.

క్రిందటి వేసవిలో మా అమ్మను కంటి శస్త్రచికిత్సకై పట్టణమునకు తీసికొని వచ్చితిని. కట్టు విప్పిన దినమున మధ్యాహ్నము ఒక మెస్సునకు పోయితిమి. నేను పాలు మానిన సంగతిని ఇన్నేండ్లును ఆమెతో చెప్పలేదు. పండుగలకు ఇంటికి పోయినప్పుడు కడుపులో మంటయనియో, జలుబు చేసినదనియో చెప్పి తప్పించుకొనుచుంటిని. ఆ పాలతో పెరిగినవాడు ఆ పాలను కాదనుట ఆమెకెట్లుండునోయని భయము. సర్వరు ఇద్దరికిని చెరియొక పెరుగుగిన్నె పెట్టెను. నేను నాది ముట్టలేదు. క్రొత్తగా చూపు వచ్చిన కన్ను గదా, ఆమె వెంటనే కనిపెట్టినది. ఇక దాచలేక గడ్డిదూడతో మొదలుపెట్టి అంతయు చెప్పితిని. ఆమె చాలసేపు పలుకలేదు.

"ఆ దూడకి పాలు చాలినంత వదల్లేదురా నేను," అనెను. "ఆ నెల్లో నీ ఫీజు కట్టాలి."

నేనేమియు అనలేకపోతిని. ఆమె తన పెరుగు అన్నములో కలుపుకొని, కొంచెము తిని, మరల అనెను: "ఆ రోజుల్లో నేనెప్పుడన్నా పాలు తాగటం చూశావా?"

జ్ఞాపకము చేసికొనుటకు ప్రయత్నించితిని. చెంబు కడిగిన నీళ్లు చెట్టుకు పోయుట చూచితిని, చివరి చుక్కవరకు కొలిచి పోయుట చూచితిని. ఆమె త్రాగుట చూడలేదు.

"ఇటు పెట్టు" అని నా గిన్నెను తనవైపు లాగుకొని, దానిని గూడ విస్తరిలో వంచుకొని, తీరికగా తినసాగెను.