తోడివారిని వెదకు ఆట

కథను వినుటకును, కథలో నడచుటకును భేదము కలదు. పురాణము వినునపుడు మనమెంత కన్నీరు విడిచినను ధర్మరాజు పాచికలు ముట్టక మానడు, సీతాదేవి లంకకు పోక తప్పదు. మన మనస్సు కరగునే గాని కథ యొక యంగుళమైనను కదలదు. అట్టి కథలో మనమే యడుగు వేయవలసివచ్చిన నేమగును? జపానుదేశపు ఆట యొకటి చూచిన పిమ్మట మాకీ ప్రశ్న కలిగినది. ఆటల ముచ్చట ఈ పుటలలో నేలయని సోదరీమణులు కినియకుందురు గాక. మేము చెప్పబోవునది చేతివ్రేళ్ళ నేర్పును గూర్చి కాదు, కథను గూర్చియే.

ఆ యాట పేరు ఫైనల్ ఫాంటసీ 6. స్క్వేర్ అను సంస్థవారు 1994 ఏప్రిలులో నింటెండోవారి సూపర్ ఫామికామ్ అను యంత్రమునకై దీనిని వెలువరించిరి. ఆ యంత్రము టెలివిజనునకు తగిలించి ఆడుకొను చిన్న పెట్టె. 2022లో మెరుగులు దిద్ది చేతిఫోనులకును దీనిని తెచ్చిరి. పదమూడేండ్ల మా అమ్మాయి తన తండ్రిగారి ఫోనున దీనిని తెరచి, రాత్రి భోజనములైన పిదప మా ప్రక్కన కూర్చుండి యాడెడిది. సంభాషణ లన్నియు ఆంగ్లమున నుండును. అమ్మాయి చదువును, కఠినమైనచోట తండ్రిగారి నడుగును, మేము భావము విడదీసి చెప్పుదుము. మా పుట్టినింట నాయనగారు భారతము చదువగా మేనత్తగారు అర్థము చెప్పినట్లే, మా యింట నీ కథ మూడు నెలలు సాగినది.

ఇందలి బొమ్మలు మిక్కిలి చిన్నవి. 1994 నాటి రూపమున ఒక్కొక్క బొమ్మ 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల యెత్తు మాత్రమే. కనుబొమ యాడించుటకైనను చోటు లేదు. తల వంచుట, వెనుకకు తిరిగి నిలుచుట, చేయి యెత్తుట మొదలగు కొలది భంగిమలతోనే దుఃఖమును, సిగ్గును, పంతమును తెలుపుదురు. తోలుబొమ్మలాట చూచినవారి కిది వింత గాదు. కొరవడినది చూచువారి మనస్సే పూరించుకొనును. నోబువో ఉఎమాట్సుగారి సంగీత మందులకు తోడ్పడును. పాత్రల కొక్కొక్క వరుస యేర్పరచిరి; వరుస వినబడగనే ఆ మనిషి గడపలోనికి వచ్చినట్లుండును. ఆనాటి యంత్రము ఒక్కమారుగా ఎనిమిది నాదములను మాత్రమే పలికింపగలిగినను, అందులోనే యొక సంగీతనాటక ఘట్టమును గూడ ఇమిడ్చిరి. సెలిస్ అను యువతి యొక గాయనికి మారుగా రంగమెక్కును. ఆమె పాడవలసిన చరణములను ఆడువారు జ్ఞాపకముంచుకొని వరుసతప్పక యెన్నుకొనవలెను.

ఈ సెలిస్ దిగ్విజయకాంక్ష గల యొక సామ్రాజ్యమున సేనానిగా నుండి, దాని క్రౌర్యమును సహింపలేక చెరబడినది. ఆమెతో సమానముగా కథను మోయునది టెర్రా. ఆ సామ్రాజ్యమువారే టెర్రా శిరమునకు పట్టము వంటి యంత్రమును తొడిగి, చిత్తమును హరించి, ఆయుధముగా వాడుకొనిరి. అది తొలగిన పిదప ఆమె కోరునది రాజ్యము గాదు, పగ తీర్చుకొనుటయు గాదు. ప్రేమ యన నేమి, అది తనకు కలుగునా యని మాత్రమే యామె సందేహము.

సాధారణముగా నిట్టి కథలలో దుష్టుని పన్నాగము కడకు భగ్నమగును. ఇందు కెఫ్కా యను విదూషకవేషధారి నడికథలోనే గెలుచును. భూమి చీలిపోవును, ఊళ్ళు కూలును, స్నేహితులు తలకొక దిక్కున పడిపోవుదురు. ఒక సంవత్సరము గడచిన పిదప సెలిస్ యొంటరి దీవిలో కన్నులు తెరచును. తోడుగా నున్నవాడు సిడ్ అను వృద్ధుడొక్కడే. ఆమె యతనిని తాతయని పిలుచును. అతడు జబ్బుపడి మంచమెక్కును. ఆడువారు సముద్రపుటొడ్డునకు పోయి చేపలు పట్టి తెచ్చి పెట్టవలెను. వడిగా నీదు చేపలు మేలుచేయును. నెమ్మదిగా కదలునవి సులభముగా దొరకును గాని కీడుచేయును. ఈ సంగతి నెవ్వరును ముందుగా చెప్పరు.

మా చేతులలో ఆ వృద్ధుడు దక్కలేదు. అమ్మాయి ఫోను మూసివైచి, మాటాడక పండుకొన్నది. అంతకు ఎనిమిది నెలల క్రిందట మా అత్తగారు ఆరు వారములు మంచమున నుండి కాలము చేసిరి. గంజి చెంచాతో పోయుట, ప్రక్క మార్చుట, వేళకు మాత్ర లిచ్చుట, అన్నింట అమ్మాయి చేయి కూడ నుండెను. మరునాడు జడ వేయుచుండగా, "మంచి చేపలు పెడితే ఆ తాత బతికేవాడటమ్మా. మరి బామ్మకి మనం ఏం పెట్టవలసింది?" అని యడిగినది. మేము కొంతసేపు దువ్వెన పట్టుకొని యట్లే నిలిచితిమి. ఆటలో రోగమునకు లెక్క కలదు, ఇంటిలో నట్టి లెక్క లేదు, బామ్మకు పెట్టవలసిన దంతయు పెట్టితిమని చెప్పితిమి.

అయితే ఆ కథ యచ్చట చేసిన పని గమనింపదగినది. వృద్ధుడు బ్రతుకకున్నను ఆట యోడినట్లు గాదు. బ్రతికినచో తాను కట్టిన తెప్పను తానే చూపును. బ్రతుకనిచో ఆయన వ్రాసియుంచిన యుత్తరము చూపును. ఆ శోకమున సెలిస్ ప్రాణము విడువబోయినను ప్రాణము పోదు. ఒడ్డున నొక పక్షి వ్రాలును. దాని రెక్కగాయమునకు కట్టినది లాక్ అను మిత్రుని తలగుడ్డ. ఎక్కడనో యొకడు బ్రతికియున్నాడని యామె లేచి తెప్ప యెక్కును. మన సేవ ఫలింపకపోయినను పెద్దలు మనకొరకు కట్టియుంచిన తెప్ప యుండునని మేము అమ్మాయితో నంటిమి. ఆనాటి రాత్రి తానే ఫోను తెరచినది.

ఇక మాకు మిక్కిలి నచ్చిన భాగము. కథలో మన పక్షమున చేరగలవారు 14 మంది. ప్రళయానంతరము సెలిస్‌తో నెడ్గార్ అను రాజును, సెట్జర్ అను జూదరియు చేరినంతనే గగననౌక లభించును. కెఫ్కా కోటకు దారి యప్పుడే తెరచియుండును. తక్కినవారిని వెదకుమని కథ యాజ్ఞాపింపదు.

"వాళ్ళని వెతక్కపోతే ఏమవుతుందమ్మా?" అని అమ్మాయి యడిగినది.

"ఏమీ కాదు."

తల్లీబిడ్డల మిద్దరము ఒకరి మొగ మొకరము చూచుకొని, నౌకను మోబ్లిజ్ అను గ్రామమువైపు త్రిప్పితిమి. అచ్చట పెద్దలందరు పిల్లలకు అడ్డునిలిచి మరణించిరి. మిగిలిన యనాథలకు టెర్రా తల్లియైనది. ఆమెకు యుద్ధము చేయు బలము పోయినది. ఏలనో యామెకే తెలియదు. భూతమొకటి పిల్లలపై బడినప్పుడు ఆ బలము మరల వచ్చును. తానడిగిన ప్రశ్నకు సమాధానము తన వాకిటనే దొరికినది.

తరువాత సయాన్ అను వీరుని వెదకితిమి. కెఫ్కా నీటిలో విషము కలిపినందున నితని భార్యయు కుమారుడును చనిపోయిరి. ప్రేతములను గొనిపోవు రైలు కదలుచుండగా నతడు వారికై పరుగెత్తినది మునుపే చూచితిమి. ఇప్పుడతడు కొండపై నొంటరిగా కూర్చుండి, ప్రియుడు మరణించిన సంగతి యెరుగని యొక పడుచునకు ఆ ప్రియుని పేరనే యుత్తరములు వ్రాసి పంపుచున్నాడు. షాడో అను నింకొకని సంగతి వేరు. ప్రళయ సమయమున ద్వీపము కూలుచుండగా, అతనికై కడపటి క్షణమువరకు ఆగినవారికే యతడు మరల దొరకును. ఆగని వారికి శాశ్వతముగా లేడు. అమ్మాయి యానాడు నఖములు కొరుకుకొనుచు నాగినది.

తిక్కనగారి మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గము చేర నొల్లడు. చిన్ననాటినుండి విన్నదే. వినునపుడు ఆ నిశ్చయము ధర్మరాజుది, మనము మెచ్చుకొందుము. ఈ యాటలో ఆ నిశ్చయము మన చేతిలో నుంచిరి. ముప్పదేండ్లు దాటినను జనులు దీనిని మరువకుండుటకు కారణ మిదియేయని మాకు తోచుచున్నది.

దోషములు లేవనము. అడుగడుగున పోరాటములు మాకు విసుగు కలిగించినవి. మొత్తము కథకు సుమారు 35 గంటలు పట్టును గనుక, బడిపంతులైన మా వారు దినమున కొక గంటయని హద్దు పెట్టిరి, అది సమంజసమే.

అత్తగారున్నంతకాలము ఆమె పిలుపున పండుగకు అందరు వచ్చెడివారు. ఆమె పోయినపిదప మరిదిగారు బెంగుళూరునను, ఆడుబిడ్డ హైదరాబాదునను, మేము ఈ యూరను, ఎవరి యిండ్ల వారముంటిమి. కలహ మేమియు లేదు. రమ్మనువారు లేరు, అంతే. మోబ్లిజ్ చూచిన మరునాడు తోడికోడలికి ఫోను చేసి, సంక్రాంతికి తప్పక రావలెనని చెప్పితిమి. "మీరే పిలవాలని చూస్తున్నానక్కా" అని యామె యన్నది.

పిల్లల చేతిలోని ఫోనును చూచి మనము విసుగుకొనుట సహజము. ఒకమారు ప్రక్కన కూర్చుండి, "ఇది యేమి కథ?" అని యడిగి చూడుడు. కథయే లేనిచో మాన్పించవచ్చును. ఉన్నచో, ఆ తోడివారిలో నెవరిని వెదకినారో, ఎవరిని విడిచివచ్చినారో యడుగుడు.